కొండ మీద ఒక రోజు... ఇద్దరికీ సెలవు!

తెల్లవారుజామున బయల్దేరి, రాత్రికి ఇల్లు చేరే ప్రయాణం. పిల్లలు లేరు, చుట్టాలు లేరు, మొక్కులేవీ లేవు. ఆలుమగలిద్దరే. చెప్పుకోవడానికి ఇంత తేలిగ్గా ఉండే ఈ ప్రయాణం చాలా ఇళ్లలో ఒళ్లునొప్పులతోనో, ఓ చిన్న గొడవతోనో ముగుస్తుంది. అలా కాకుండా ఆ ఒక్కరోజూ ఇద్దరికీ హాయిగా గడవాలంటే ఏం చెయ్యాలి? అరకు దారి పట్టుకుని చూద్దాం.

పెళ్లయిన తెలుగు జంట మొదట ఎక్కే కొండ ఏది? ఎవరినడిగినా ఠక్కున చెప్పేస్తారు... తిరుమల. లేదంటే అన్నవరం రత్నగిరి మీద సత్యనారాయణస్వామి వ్రతం. సింహాచలం అప్పన్న, మంగళగిరి పానకాలస్వామి, బెజవాడ దుర్గమ్మ, యాదగిరి నరసింహుడు... మన దేవుళ్లలో చాలామంది కాపురం కొండల మీదే. కాబట్టి మన దంపతులకు కొండలెక్కడం కొత్తేమీ కాదు. కాకపోతే ఎక్కిన ప్రతిసారీ ఓ పని ఉంటుంది. మొక్కు తీర్చాలి, పుట్టువెంట్రుకలు తీయించాలి, వ్రతం చేసుకోవాలి. బండినిండా జనం కూడా ఉంటారు. క్యూలో అత్తగారికి కళ్లు తిరగకుండా చూసుకోవాలి, సత్రంలో గది దొరికిందో లేదో కనుక్కోవాలి, ప్రసాదం ఎన్ని ఇళ్లకు పంచాలో లెక్కేసుకోవాలి.

మరి ఏ పనీ లేకుండా కొండెక్కితే? గేటుకు తాళం వేస్తుంటే పక్కింటావిడ ‘ఎక్కడికీ?’ అంటుంది. ‘ఊరికే, అలా అరకు దాకా’ అని చెప్పడానికి నలభై దాటిన దంపతులకి ఇప్పటికీ మొహమాటమే. ‘పిల్లల్ని తీసుకెళ్లట్లేదా?’ అన్న ప్రశ్న వెనకే వస్తుంది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఇద్దరే షికారుకెళ్లడమంటే ఏదో తప్పు చేస్తున్నట్టు. అందుకే మన ఇళ్లలో ఊటీ, కొడైకెనాల్ లాంటివి పెళ్లయిన ఏడాదిలోపు ఒకసారి, మళ్లీ షష్టిపూర్తి అయ్యాక ఒకసారి. నడుమ ముప్ఫై ఏళ్లూ ‘చూద్దాంలే’ ఖాతాలోకే.

అలాంటివాళ్ల కోసమే ఒక్కరోజు ప్రయాణం. దీనికి లీవు అక్కర్లేదు, హోటల్ గది అక్కర్లేదు, పెద్ద సూట్‌కేసులూ అక్కర్లేదు. ఒక్క ఆదివారం ఖాళీ చేసుకుంటే చాలు. అదృష్టం కొద్దీ మన ప్రధాన నగరాలకు కాస్త దూరంలోనే కొండలున్నాయి. చిక్కల్లా, వెళ్లొచ్చాక ‘అబ్బ, ఓ రోజు రెస్టు తీసుకుంటేగానీ తేరుకోలేం’ అనే మాటతోనే. విశ్రాంతి కోసం వెళ్లొచ్చి మళ్లీ విశ్రాంతి ఎందుకు కావలసి వస్తోంది? కారణాలు దూరంలోనూ ఘాట్ రోడ్డులోనూ కన్నా మనం బయల్దేరే పద్ధతిలోనే ఎక్కువగా ఉన్నాయి.

పులిహోర ఎవరు కలిపారు?

ఆరింటికి బండెక్కాలంటే ఆయన అయిదింటికి లేస్తారు. ఆవిడ మూడింటికే లేస్తుంది. దారిలో తినడానికి పులిహోర, పెరుగన్నం, కారప్పూస. ఫ్లాస్కులో కాఫీ. మందుల డబ్బా, తువ్వాళ్లు, శాలువా. ఇంట్లో ఉండిపోయే మామగారికి మధ్యాహ్నం వంట. పాలవాడికి చెప్పాలి, పనమ్మాయికి తాళం ఇవ్వాలి. ఇన్నీ అయ్యాక బండెక్కి పావుగంట కాకుండానే ఆవిడకి కునుకు. ‘ఇంత అందమైన దారిలో నిద్రేంటీ!’ అని ఆయన నవ్వుతారు.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పనులు చేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. తేడా మూడుగంటలకు పైమాటే. సెలవురోజున ఆ తేడా తగ్గడం అటుంచి చాలా ఇళ్లలో పెరుగుతుంది కూడా. అందరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఆదివారం టిఫిను రెండు రకాలు, మధ్యాహ్నం మాంసం కూర. ఇక ప్రయాణమంటే ఆ వంటిల్లే డబ్బాల్లోకి సర్దుకుని వెంట రావడం. కొండ మీద దుప్పటి పరిచి, విస్తళ్లు వేసి, వడ్డించి, తిన్నాక గిన్నెలు సంచిలో సర్దేది కూడా ఆవిడే అయితే దాన్ని విశ్రాంతి అనలేం. వంటిల్లు ఊరు మారిందంతే.

కాబట్టి మొదటి నియమం ఇది: ఆ రోజు పొద్దున ఇంట్లో పొయ్యి వెలిగించొద్దు. విశాఖ నుంచి రోడ్డు మీద వెళ్తే శృంగవరపుకోట దగ్గరే టిఫిన్లు దొరుకుతాయి. రైల్లో అయితే వేడివేడి వడలూ ఇడ్లీలూ అమ్మేవాళ్లు పెట్టెలోకే వస్తారు. పైకెళ్తే భోజనాలకు కొదవ లేదు. మామగారి భోజనం బయటి నుంచి తెప్పించే ఏర్పాటు ముందురోజే చెయ్యొచ్చు. సంచి సర్దే పని ఈసారి ఆయన చూసుకోవాలి. శాలువా ఎక్కడుందో తెలియకపోతే అడగొచ్చు, వెతికిపెట్టమని మాత్రం అనకూడదు. రెండు నీళ్లసీసాలు, ఒక శాలువా, ఒక స్వెట్టరు, మందులు. ఒక్కరోజుకి ఇంతకన్నా కావలసిందేమీ ఉండదు.

స్టీరింగ్ పట్టుకుంటే కొండ కనపడదు

రెండో చిక్కు కారు. సొంత కారుంటే మన ఇష్టమొచ్చినప్పుడు ఆగొచ్చు, నిజమే. కానీ ఘాట్ రోడ్డెక్కాక నడిపేవాళ్ల కళ్లు మలుపు మీదే ఉండాలి. ఎదురుగా వచ్చే బస్సు, హారన్ కొట్టకుండా దూసుకొచ్చే బైకు, రోడ్డుమీద నిలబడి కోతులకు బిస్కెట్లు పెడుతున్న జనం. ‘అదిగో ఆ లోయ చూడండీ’ అంటుంది ఆవిడ. ‘రోడ్డు చూడనివ్వవోయ్’ అంటారాయన. కాసేపటికి ‘కాస్త నెమ్మదిగా’, ఇంకాసేపటికి ‘నాకు తెలుసులే’. సగం సరదా అక్కడే ఆవిరి. ఇద్దరిలో ఒకరు ఆ రోజు మొత్తం డ్రైవరు ఉద్యోగం చేసినట్టే.

అందుకే అరకు ప్రయాణానికి రైలే మేలు. విశాఖపట్నంలో పొద్దున్న ఏడు కాకముందే కిరండూల్ వెళ్లే బండి కదులుతుంది. కొత్తవలస దాటేదాకా మామూలు రైలే. ఎల్.కోట, ఎస్.కోట, బొడ్డవర... పొలాలు, తాటిచెట్లు, జీడిమామిడి తోటలు. శివలింగపురం దగ్గర్నుంచి కథ మారుతుంది. రైలు పాములా ఒళ్లు తిప్పుకుంటూ కొండకి ఎగబాకడం మొదలెడుతుంది. వెనక పెట్టెల్లో కూర్చున్నవాళ్లకు ముందు ఇంజిను కిటికీలోంచే కనిపిస్తుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు, కరకవలస, శిమిలిగుడ, ఆ తరవాతే అరకు.

ఈ దారి వేసింది షికార్ల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్నుంచి ఓడల్లో జపానుకు చేర్చడానికి 1960లలో జపాన్ సహకారంతో వేశారు. అందుకే ఇప్పటికీ ఎదురుగా ఖనిజం నింపుకున్న పొడవాటి గూడ్సు బండి వస్తుంటే మన రైలు ఏదో అడవి స్టేషన్లో ఆగి దారిస్తుంది. అలా ఆగినప్పుడు విసుక్కోనక్కర్లేదు. కిందికి దిగి పచ్చటి గాలి పీల్చుకోవచ్చు, తట్టలో సీతాఫలాలో జామకాయలో పెట్టుకొచ్చిన అమ్మాయి దగ్గర నాలుగు కొనుక్కోవచ్చు. ఈ కొత్తవలస–కిరండూల్ లైను మీద 58 సొరంగాలున్నాయి. రైలు చీకట్లోకి దూరగానే పెట్టెలో పిల్లలంతా ‘ఓ...’ అని అరుస్తారు. మొదటి రెండు సొరంగాల్లో పెద్దవాళ్లు చిరునవ్వుతో సరిపెట్టుకుంటారు. నాలుగో దాంట్లో వాళ్లూ గొంతు కలుపుతారు. చీకట్లో ఎవరు అరిచారో ఎవరికీ తెలియదుగా! ఇరవయ్యేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న భార్యాభర్తలు ఒకరి అరుపు ఒకరు సరదాగా వినడం అదే మొదటిసారి కావచ్చు.

2017 నుంచి ఈ బండికి అద్దాల పైకప్పు, అటూ ఇటూ తిరిగే సీట్లు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలిస్తున్నారు. టికెట్ ధర ఎక్కువే, శీతాకాలంలో చాలా ముందుగా రిజర్వేషన్ చేసుకోకపోతే దొరకదు. దొరక్కపోయినా దిగులు పడనక్కర్లేదు. మామూలు పెట్టెలో ఎదురెదురు కిటికీల దగ్గర ఇద్దరూ కూర్చుంటే, గాలి కూడా మొహానికి తగులుతుంది. అద్దాల పెట్టెలో ఆ సుఖం లేదు.

శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద ఎత్తు చూడండి: 996 మీటర్లు. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అతి ఎత్తైనదిగా ఒకప్పుడు దీనికి పేరు. ఇక్కణ్నుంచి అరకు లోయలోకి బండి కొంచెం దిగుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది, ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరేడు డిగ్రీల చొప్పున. అరకు సుమారు 900 మీటర్ల పైన ఉంది కాబట్టి విశాఖలో చెమటలు కక్కుతూ బయల్దేరినవాళ్లకు ఇక్కడ ఫ్యాన్ గుర్తురాదు. వానాకాలం, చలికాలమైతే శాలువా తియ్యాల్సిందే.

ఏడు పాయింట్లు... ఏడు పరుగులు

అరకు స్టేషన్ బయటికి రాగానే ఆటోలవాళ్లూ జీపులవాళ్లూ చుట్టుముడతారు. ‘సార్, ఫుల్ ప్యాకేజీ... మ్యూజియం, పద్మాపురం గార్డెన్, కాఫీ తోట, చాపరాయి, గాలికొండ, కటికి జలపాతం, బొర్రా గుహలు... అన్నీ కవర్ చేయించేస్తాం!’ వినగానే నోరూరుతుంది. ఇంత దూరం వచ్చాం కదా, అన్నీ చూసేద్దాం అనిపిస్తుంది. ఇదే మూడో చిక్కు. ఒక్కోచోట ఇరవై నిమిషాలు. దిగడం, ఫొటో తియ్యడం, ఎక్కడం. ‘టైమైపోతోంది సార్’ అని డ్రైవరు తొందర. సాయంత్రానికి ఫోన్లో రెండువందల ఫొటోలుంటాయి, ఏది ఎక్కడ తీసిందో గుర్తుండదు.

ఇద్దరు మనుషులు విశ్రాంతిగా గడపడానికి ఒక్క చోటు చాలు. మరీ ఆశ ఉంటే రెండు. అందుకు ముందే ఒకమాట అనుకోవాలి: ఈసారి గుహలా, లోయా?

గుహలే అనుకుంటే అరకు దాకా వెళ్లకుండా బొర్రాగుహలు స్టేషన్లోనే దిగిపోవచ్చు. సున్నపురాయిలోంచి నీరు చుక్కచుక్కగా జారి, వేలవేల ఏళ్లలో పైనుంచి వేలాడే ఊడలనూ, కిందినుంచి లేచే దిబ్బలనూ కట్టిన చోటిది. లోపల ఓచోట శివలింగమని పూజిస్తారు, మరోచోట ఏనుగని చూపిస్తారు, ఇంకోచోట తల్లీబిడ్డలంటారు. గైడు చెప్పినవన్నీ ఒప్పుకోవాలనేం లేదు. ఓ మూల నిలబడి, ‘నాకైతే మా మేనత్త పడక్కుర్చీలా కనిపిస్తోంది’ అని ఆవిడ అంటే, ‘నీకన్నీ మీవాళ్లే కనిపిస్తారు’ అని ఆయన అనొచ్చు. మెట్లు మాత్రం చాలానే ఉంటాయి. రాయి తడిగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటి పెద్ద గుహ దాకా వెళ్లి, అక్కడే గబ్బిలాల చప్పుడు వింటూ కూర్చుని వచ్చెయ్యడం మంచిది. చివరిదాకా వెళ్లినవాళ్లకు బహుమతులేమీ ఇవ్వరు.

లోయే అనుకుంటే ఆటో మాట్లాడుకుని ఒక కాఫీ తోట దగ్గర దిగి, కాలినడకన తిరగండి. తూర్పు కనుమల్లో కాఫీ మొదలైంది 1898లో అంటారు. ఒకప్పటి తూర్పుగోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో బ్రోడీ అనే ఇంగ్లిష్ అధికారి తొలి మొక్కలు నాటించాడు. అక్కణ్నుంచి మన్యమంతా పాకిన పంట ఇవాళ వేలాది గిరిజన కుటుంబాలకు జీవనాధారం. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎత్తుగా నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో భుజం ఎత్తు కాఫీ మొక్కలు. మార్చి, ఏప్రిల్‌లలో వేసవి జల్లు పడితే కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలు విచ్చుకుంటాయి, తోటంతా మల్లెల వాసన. నవంబరు నుంచి సంక్రాంతి దాకా ఎర్రటి పండ్లు కోతకొస్తాయి. ఓ పండు నోట్లో వేసుకుంటే తియ్యటి గుజ్జు, లోపల రెండు పప్పులు. రోజూ పొద్దున్నే తాగే కాఫీ ఇంత చల్లటి నీడలో పెరుగుతుందని కళ్లారా చూసినప్పుడు ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

నవంబరు, డిసెంబరు నెలల్లో వెళ్తే వలిసె పూలు తప్పకుండా చూడాలి. లోయలో పొలాలకు పొలాలు పసుపు రంగు పులుముకుంటాయి. నూనె కోసం వేసే పంట అది. ఫొటో కోసం చేలోకి దిగి మొక్కలు తొక్కేవాళ్లు ఎక్కువయ్యాక, కొన్నిచోట్ల రైతులు గట్టున నిలబడి పది, ఇరవై రూపాయలు తీసుకుంటున్నారు. ఇచ్చెయ్యండి. న్యాయమైన డబ్బే అది.

మనకి సెలవు, వాళ్లకి పని

కొండ మీదికెళ్లిన ప్రతి భర్తా ఏదో ఒక మలుపులో ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒక మాట అంటాడు. ‘ఇక్కడో అయిదు సెంట్లు కొని చిన్న ఇల్లు కట్టుకుంటే ఎంత బావుంటుందో!’ భార్య తలూపుతుంది. అలా కొనడం కుదరదు. మన్యం షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరులకు దఖలు పడకూడదని చెప్పే 1970 నాటి భూబదలాయింపు నిబంధనని ఊళ్లో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలోనే గనుల కోసం ప్రైవేటు సంస్థలకు లీజులిస్తే ‘సమత’ అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో అలాంటి లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశమంతటా ఆదివాసీ భూముల గురించి వాదించే లాయర్లు ఇప్పటికీ ఉదహరించే తీర్పు అది. మనం కిటికీలోంచి చూసి మురిసిపోయే పచ్చదనం వెనక ఆ చట్టమూ ఉంది, ఆ తీర్పూ ఉంది. మనం ఇక్కడ స్థలం కొనలేకపోవడం వల్లే చూడ్డానికి ఈమాత్రం కొండ మిగిలింది.

ఈ సంగతి తెలిస్తే కొండ మీద నడిచే తీరు మారుతుంది. వారపు సంత ఉన్న రోజున వెళ్లినవాళ్లు అదృష్టవంతులు. పసుపు కొమ్ములు, చింతపండు, రాజ్మా, పిప్పళ్లు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు... తెల్లవారకముందే మైళ్లకొద్దీ నడిచి నెత్తిన మోసుకొచ్చిన సరుకు. ‘చీపురెంత?’ అని అడిగి, సగానికి బేరమాడి గెలిచామనుకోవడంలో ఏ సుఖమూ లేదు. సంతలో కొనడం మొహమాటమనిపిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణానికి వెళ్లండి. 1956 నుంచి గిరిజనుల నుంచి సరుకు కొంటున్న ప్రభుత్వ సంస్థ అది. తేనె, కాఫీపొడి, పసుపు, చీపురు అన్నీ అక్కడే ఉంటాయి.

రోడ్డు పక్కన నిప్పుల మీద వెదురు గొట్టాలు ఓరగా పేర్చి కనిపిస్తాయి. అదే బొంగు చికెన్. ఉప్పూకారం, మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి కాలుస్తారు. నూనె చుక్క పడదు, వెదురులోని తేమతోనే ఉడుకుతుంది. అడగ్గానే దొరికేది కాదు, ముప్పావుగంటైనా ఆగాలి. ఆ ముప్పావుగంట ఇద్దరూ బల్లమీద కూర్చుని పొగ చూడ్డం తప్ప చేసేదేమీ ఉండదు. రోజు మొత్తంలో అసలైన విశ్రాంతి అదే కావచ్చు.

మాటలు ఎక్కడ దొరుకుతాయి?

‘ఇద్దరమే రోజంతా ఏం మాట్లాడుకుంటాం?’ అని పెళ్లయి పాతికేళ్లయినవాళ్లు నిజంగానే భయపడతారు. ఇంట్లో మాటలన్నీ పనుల చుట్టూ తిరుగుతాయి. గ్యాస్ బుక్ చేశావా, అబ్బాయి ఫీజు కట్టారా, ఈఎంఐ కట్ అయిందా, మీ చెల్లెలు ఏమంది? వాటిని పక్కన పెడితే మొదటి గంట ఇబ్బందిగానే ఉంటుంది. దానికి కంగారుపడొద్దు. కిటికీ బయట కదులుతున్న కొండ ఉండగా మాట్లాడకుండా కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆర్థర్ ఆరన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి 2000 సంవత్సరంలో ఒక చిత్రమైన అధ్యయనం ప్రచురించాడు. దంపతుల్ని పిలిచి, కొన్ని జంటల చేతులూ కాళ్లూ ఒకరివొకరికి కట్టేసి, మధ్యలో ఒక దిండు కిందపడకుండా పరుపుల మీద పాక్కుంటూ అడ్డంకి దాటి వెళ్లమన్నారు. మరికొన్ని జంటలకు నింపాదిగా చేసే విసుగుపుట్టే పని ఇచ్చారు. పడుతూ లేస్తూ నవ్వుకున్న జంటలు ఆ తరవాత తమ అనుబంధం గురించి మరింత సంతృప్తిగా చెప్పారట. కలిసి ఏదైనా కొత్త పని చేస్తే పాత బంధం కొత్తగా కనిపిస్తుందని ఆరన్ వాదన. మన దంపతులు దిండుతో పాకనక్కర్లేదు. చాపరాయి దగ్గర పాకుడు పట్టిన బండమీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు. నలుగురిలో చెయ్యి పట్టుకునే అలవాటు లేనివాళ్లకు ఆ జారే బండే మంచి సాకు.

ఘాట్‌లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. దాన్ని వరంగానే తీసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ‘మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్ చేస్తాం’ అని ముందే చెప్పేస్తే వాళ్లకూ కంగారుండదు. గంటకోసారి ‘పిల్లలు తిన్నారా?’ అని వీడియో కాల్ చేస్తే మనసు ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఒక్కరోజు అమ్మానాన్నలు కనపడకపోతే పిల్లలు చిక్కిపోరు. అమ్మమ్మ దగ్గర టీవీ చూస్తూ ఇంకాస్త సంతోషంగానే ఉంటారు.

ఇద్దరి ఇష్టాలూ ఒకటి కావాలనేం లేదు. ఆయనకి నడవాలని ఉంటుంది, ఆవిడకి ఓచోట కూర్చుని కొండల్ని చూడాలని ఉంటుంది. లేదా ఆవిడ గుహ చివరిదాకా వెళ్తానంటుంది, ఆయన మోకాలు పట్టుకుని బయటే ఆగిపోతారు. ఒక అరగంట ఎవరి దారిన వాళ్లు వెళ్లి, మళ్లీ టీకొట్టు దగ్గర కలుసుకోవడం కూడా జంటగా గడపడమే. కలిశాక చెప్పుకోవడానికి రెండు కథలుంటాయి.

మీ ఊరికి దగ్గర్లో ఏ కొండ?

హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ అనంతగిరి. అరకు దారిలోని అనంతగిరికీ దీనికీ పేరు మాత్రమే కలుస్తుంది. నగరం నుంచి సుమారు 75 కిలోమీటర్లు. వికారాబాద్ దాకా రైళ్లూ బస్సులూ దండిగా ఉన్నాయి, అక్కణ్నుంచి ఆటోలో కొండకి. హైదరాబాద్ నడిబొడ్డున ముక్కు మూసుకుని దాటే మూసీ పుట్టేది ఈ అడవిలోనే. అనంతపద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి దారులు. పెద్ద ఎత్తైన కొండలు కావు. అదే వీటి సుగుణం: అరవై దాటినవాళ్లు కూడా ఆయాసపడకుండా తిరగొచ్చు. జులై నుంచి అక్టోబరు దాకా పచ్చగా ఉంటుంది. వేసవిలో ఆకులు రాలి ఎండ నేరుగా నెత్తిన పడుతుంది కాబట్టి అప్పుడు వద్దు.

రాయలసీమ వాళ్లకు హార్సిలీ హిల్స్. మదనపల్లె నుంచి సుమారు 30 కిలోమీటర్లు. దీని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల మధ్య పెరిగిన పిల్ల అని మల్లమ్మ గురించి అక్కడివాళ్లు కథ చెప్తారు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర ఎండలు భరించలేక పైన బంగళా కట్టుకున్నాడు, కొండకి అతని పేరు అతుక్కుపోయింది. ఎత్తు 1,200 మీటర్ల పైమాటే. నీలగిరి చెట్ల వాసన, సాయంత్రం గాలిబండ మీద తోసేసేంత గాలి. అనంతపురం, తిరుపతి, బెంగళూరు నుంచి కూడా పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

లంబసింగి, వంజంగి మేఘాల కొండ మాత్రం ఒక్కరోజు ప్రయాణానికి పనికిరావు. అక్కడ అందమంతా తెల్లవారుజామునే. సూర్యుడు పైకొస్తే మంచూ పోతుంది, మేఘాల సముద్రమూ పోతుంది. ఆ వేళకు చేరాలంటే అర్ధరాత్రి ఘాట్ ఎక్కాలి. మంచులో మలుపులు కనపడవు. అలాంటి చోట్లకు ముందురోజు రాత్రే వెళ్లి ఉండేలా వేరే సెలవు పెట్టుకోవాలి.

బయల్దేరే ముందు...

* సంక్రాంతి, క్రిస్మస్ సెలవుల్లో, కార్తిక ఆదివారాల్లో అరకు కిక్కిరిసిపోతుంది. వీలైతే మామూలు వారంలో ఓ మంగళవారమో బుధవారమో సెలవు పెట్టండి. అదే కొండ, జనం సగానికి సగం తక్కువ.

* భారీ వర్షాలప్పుడు కొత్తవలస–కిరండూల్ లైనులో కొండరాళ్లు జారిపడి రైళ్లు ఆగిపోతుంటాయి. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.

* రోడ్డు మీదే వెళ్లాలనుకుంటే విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. డ్రైవరుని పెట్టుకుంటే ఇద్దరూ కొండని చూడొచ్చు. చీకటి పడకముందే ఘాట్ దిగిపోయేలా చూసుకోండి.

* ఘాట్‌లో కడుపు తిప్పేవాళ్లు పొట్ట నిండా తినకూడదు, ముందు సీట్లో కూర్చోవాలి, ఫోన్ చూడకూడదు. నిమ్మకాయ వాసన చూస్తే కొందరికి హాయిగా ఉంటుంది.

* చేతిలో చిల్లర డబ్బులు ఉంచుకోండి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచెయ్యదు. సీతాఫలాలు అమ్మే అవ్వ దగ్గర వందకి చిల్లర ఉండదు.

* తీసుకెళ్లిన ప్లాస్టిక్ కవరు, సీసా మళ్లీ సంచిలోనే కిందికి తీసుకురండి.

సోమవారం సంగతి

సాయంత్రం బండి అదే దారిలో దిగివస్తుంది. పొద్దున లోయ కనిపించిన వైపు ఇప్పుడు కొండ గోడ, అప్పుడు కనిపించనిది ఇప్పుడు కనిపిస్తుంది. సొరంగాల్లో అరవడానికి ఎవరికీ ఓపికుండదు. ఇల్లు చేరేసరికి రాత్రి భోజనం వేళ దాటుతుంది. ఆ రాత్రి ‘అన్నం పెట్టు’ అనే మాట ఆ ఇంట్లో వినపడకూడదు. దారిలోనే ఏ హోటల్లోనో తినేసి రావాలి, లేదా ఇద్దరూ కలిసి ఉప్మా చేసుకోవాలి. సంచి సర్దినవాళ్లే విప్పాలి, మాసిన బట్టలు వాషింగ్ మెషీన్లో వెయ్యాలి. ఈ ఒక్కపూట జారిపోతే పొద్దుటి నుంచి పోగేసిన హాయి అంతా ఇంటి గుమ్మం దగ్గరే కరిగిపోతుంది.

ప్రయాణం బాగా జరిగిందా లేదా అని తేల్చడానికి ఫొటోలు చూసుకోనక్కర్లేదు, ఎన్ని చోట్లు తిరిగారో లెక్కపెట్టుకోనక్కర్లేదు. తిరిగొచ్చాక ఇద్దరూ సమానంగా అలిసిపోయారా, సమానంగా సేదతీరారా అని ఒకరినొకరు అడిగితే చాలు. ‘నాకు బానే ఉంది’ అని ఒక్కరే అంటే ఆ కొండకి మళ్లీ వెళ్లాల్సిందే, ఈసారి ఇంకోలా.

అరకు వెళ్లినవాళ్లు ఎలాగూ కాఫీపొడి కొని తెచ్చుకుంటారు. సోమవారం పొద్దున్నే ఫిల్టరులో ఆ పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, డికాక్షన్ దిగేదాకా ఆగి, పాలు కాచి, రెండు గ్లాసుల్లో కలపాలి. పెద్ద పనేం కాదు, పావుగంట. ఆ పావుగంట ఈసారి ఆయనది.